ఖాళీ కొట్టులోంచి ఒక కాయ తీస్తే..!

పోయిన సంక్రాంతికి మా మావయ్య కొబ్బరి కొట్టులో ఎన్ని కాయలున్నాయో తెలుసా? 18446744073709552000.

ఈ మాట నేను చెప్పట్లేదు. నేను రాసిన యాప్ చెప్పింది. నిజానికి ఆ సాయంత్రం కొట్టులో ఒక్క కాయ కూడా లేదు. కింద కొబ్బరి పీచు, మూలన రెండు ఖాళీ గోనె సంచులు, బయట కూలి డబ్బుల కోసం ఎదురుచూస్తున్న పదిమంది మనుషులు. అంతే.

నాకు ఇరవై ఎనిమిదేళ్లు. బీటెక్ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నా. అమ్మ పుట్టిల్లు కోనసీమలో, అంబాజీపేట దగ్గర ఒక చిన్న ఊరు. మా వైపు కొబ్బరి రేటు అంటే అంబాజీపేట మార్కెట్ రేటే. వెయ్యి కాయలకు ఇంత అని చెప్తారు. మావయ్యకి అక్కడ కొట్టుంది. చెట్టు దింపు, ఒలుపు, లారీ లోడు, ఎవరి కూలి ఎంత... అన్నీ పొడుగాటి చిట్టా పుస్తకంలో రాసుకునేవాడు.

మొన్న దసరాకి వెళ్లినప్పుడు నేనే పట్టుబట్టా. "ఫోన్ చేతిలో ఉండగా ఈ పుస్తకాలెందుకు మావయ్యా!" అని రెండు రోజులు కూర్చుని ఒక యాప్ రాసిచ్చా. కాయలు లోపలికి వస్తే ఒక బటన్, బయటికి వెళ్తే ఒక బటన్. వారం చివర కూలి లెక్క అదే వేసేస్తుంది. "ఒక్క కాయ కదిలినా ఇందులో పడాల్సిందే" అని కొట్టులో కుర్రాడికి గట్టిగా చెప్పి మరీ వచ్చా.

ఆ ఒక్క కాయే నా కొంప ముంచింది.

భోగికి ముందు రోజు. మధ్యాహ్నానికి ఆఖరి లారీ లోడైపోయింది. యాప్‌లో స్టాక్ సున్నా. లారీ ఉత్తరాదికి బయల్దేరుతోంది. అత్తయ్య మూలన పడి ఉన్న కాయ ఒకటి తెచ్చిచ్చింది. అది ఎప్పుడూ లెక్కలోకి ఎక్కని కాయ. డ్రైవరు దాన్ని టైరు ముందు కొట్టి, దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయాడు. కుర్రాడు మాత్రం నేను చెప్పిన మాట మర్చిపోలేదు. యాప్ తెరిచి 'బయటికి: 1' అని నొక్కాడు.

సున్నాలోంచి ఒకటి తీసేస్తే ఎంత?

మీటరు వెనక్కి తిరిగింది

మీరైతే మైనస్ ఒకటి అంటారు. నా యాప్ అలా అనలేదు. ఎందుకంటే స్టాక్ ఎప్పుడూ మైనస్‌లోకి వెళ్లదు కదా అని నేనే సర్వర్‌లో దాన్ని 'అన్‌సైన్డ్ 64 బిట్' సంఖ్యగా పెట్టా. అంటే 64 గళ్లు. ఒక్కో గడిలో 0 గానీ 1 గానీ ఉంటుంది. మైనస్ గుర్తుకి అందులో చోటే లేదు.

పాత స్కూటర్ మీటరు గుర్తుందా? 00000 దగ్గర ఉన్న మీటరుని ఒక్క అంకె వెనక్కి తిప్పితే 99999 వస్తుంది. ఇక్కడా అదే జరిగింది. 64 సున్నాలు ఒక్క అడుగు వెనక్కి వేసేసరికి 64 ఒకట్లు అయ్యాయి. 64 గళ్లలో పట్టే అన్నిటికన్నా పెద్ద సంఖ్య అదే. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి అది '1844674407...' అని మొదలవడం చూడగానే విషయం తెలిసిపోతుంది. ఎవరో సున్నాలోంచి ఏదో తీసేశారని అర్థం.

ఈ గళ్ల గొడవ మాలాంటి చిన్నవాళ్లదే అనుకోకండి. 2014 డిసెంబర్లో 'గంగ్నమ్ స్టైల్' వీడియో వ్యూస్ 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దాటాయి. 32 గళ్లలో ఒకటి ప్లస్సా మైనస్సా అని చెప్పడానికి పోతే, మిగిలిన వాటిలో పట్టేది అంతే. యూట్యూబ్ వాళ్లు ఆ లెక్కని 64 గళ్లకు మార్చుకోవాల్సి వచ్చింది.

అవన్నీ నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? కూలి పేజీ కూడా స్టాక్ రిపోర్టు మీదే ఆధారపడేలా రాశా. అది తెరుచుకోవట్లేదు. బయట చీకటి పడుతోంది. పొద్దున్నే భోగి. పిల్లలకి బట్టలు కొనాల్సినవాళ్లు, బస్సెక్కి ఊరెళ్లాల్సినవాళ్లు ఉన్నారు. నేను ల్యాప్‌టాప్ ముందేసుకుని "ఐదు నిమిషాలు మావయ్యా" అని నాలుగోసారి అన్నా.

మావయ్య ఏమీ అనలేదు. బల్ల కింది సొరుగు లాగి చిట్టా పుస్తకం తీశాడు. చూద్దును కదా, దసరా నుంచి ఆ రోజు వరకు ప్రతి లెక్కా అందులో ఉంది! మూడు నెలలుగా నా యాప్‌లో ఎక్కిస్తూనే, రాత్రిళ్లు పుస్తకంలోనూ రాసుకుంటున్నాడు. నాకు చెప్పలేదంతే.

అరగంటలో అందరికీ డబ్బులు అందాయి. వెళ్తూ వెళ్తూ ఒలుపు చేసే పెద్దాయన నన్ను చూసి "ఆయ్, పర్లేదండీ బాబూ, మిషన్ కదండీ" అన్నాడు. ఆ మాట నన్ను తిట్టినదానికన్నా ఎక్కువ గుచ్చుకుంది. తప్పు మిషన్‌ది కాదు, నాది.

చివర సున్నాలా? కుదరదు

రాత్రి అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని బగ్ వెతుకుతున్నా. తాతయ్య వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నారు. ఎనభై నాలుగేళ్లు ఆయనకి. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నిన్న ఏం కూర తిన్నారో గుర్తుండదు గానీ పద్యం మొదలెడితే ఆపడం కష్టం.

"ఏదీ, ఆ కాయల లెక్క నాకూ చూపించు" అన్నారు. ఫోన్ ఇచ్చా. కళ్లజోడు సర్దుకుని ఒక్కో అంకే చదివారు. ఒకటి, ఎనిమిది, నాలుగు, నాలుగు, ఆరు, ఏడు... చదువుతూ చదువుతూ ఆగిపోయారు.

"ఏరా, ఇది చదరంగం లెక్క కదా?"

నేను తెల్లబోయా.

"చివర తప్పు పడింది చూడు. సున్నాలు ఎందుకొస్తాయి? ఐదు రావాలి."

ఎలా చెప్పగలిగారని అడిగా. ఆయన ముందు లెక్కే చెప్పారు. చదరంగం కథ మీకు తెలిసే ఉంటుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... అలా 64 గళ్లకీ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎన్ని గింజలు? రాజు నవ్వుతూ ఒప్పుకుని, తర్వాత ధాన్యం కొట్లన్నీ ఖాళీ చేసినా తీర్చలేకపోయిన బాకీ అది.

"రెట్టింపులు చెప్పు. 2, 4, 8, 16, 32, 64... చివరి అంకె చూడు. 2, 4, 8, 6, మళ్లీ 2, 4, 8, 6. ఎంత దూరం పోయినా చివర సున్నా రాదు. 64 సార్లు రెట్టిస్తే చివర 6. గింజల మొత్తం దానికి ఒకటి తక్కువ. అంటే 5. ఈ మాత్రం మీ కంప్యూటర్‌కి తెలీదా?"

అప్పుడు సర్వర్ లాగ్ తెరిచా. అక్కడ ఉన్న సంఖ్య: 18446744073709551615.

చివర ఐదే!

అంటే నా యాప్‌లో ఒకటి కాదు, రెండు తప్పులు. ఫోన్‌లో కనిపించే భాగం జావాస్క్రిప్ట్‌లో రాశా. అందులో మామూలు సంఖ్యలకు 53 బిట్ల కచ్చితత్వమే ఉంటుంది. 9007199254740992 దాటాక అది ప్రతి అంకెనీ గుర్తుపెట్టుకోలేదు. దగ్గరలో ఉన్న సంఖ్య ఒకటి పట్టుకుని, చివర సున్నాలు తగిలించి చూపించేస్తుంది. ఎర్రర్ ఇవ్వదు. హెచ్చరించదు. నిజానికి, అది చూపించినదానికి 385 తేడా.

"అయితే 385 కాయలు ఊరికే వచ్చాయన్నమాట" అన్నాడు మావయ్య లోపల్నుంచి. ఆ రోజు ఇంట్లో అందరూ నవ్విన మొదటి సందర్భం అదే.

మీ ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి 2ని 64వ ఘాతానికి లెక్కించి చూడండి. చాలా ఫోన్లలో 1.8446744 పక్కన '10 టు ది పవర్ 19' అన్నట్టు వస్తుంది. చివరి అంకెలు ఎక్కడికో పోయి ఉంటాయి.

మరి తాతయ్యకి అన్ని అంకెలూ ఎలా గుర్తున్నాయి? "నాకు అంకెలు గుర్తులేవురా, పద్యం గుర్తుంది" అన్నారు.

వెయ్యేళ్ల నాటి పాస్‌వర్డ్

ఆ పద్యం పావులూరి మల్లనది. పేరు మీరు విని ఉండకపోవచ్చు. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో నేనూ వినలేదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసార సంగ్రహం' రాశాడు. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మల్లన. జనం దాన్ని 'పావులూరి గణితం' అని పిలుచుకున్నారు. తెలుగులో తొలి గణిత గ్రంథం ఇదే అంటారు.

మల్లనది 11వ శతాబ్దమని చెప్తారు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతాన్ని తెనిగించిన రోజులవి. మల్లన వంశానికి పిఠాపురం దగ్గర నవఖండవాడ అనే ఊరు ఆ రాజు ద్వారా దక్కిందని చెప్తారు. అమలాపురం నుంచి 216 జాతీయ రహదారి పట్టుకుని ముమ్మిడివరం, యానాం, కాకినాడ దాటితే వచ్చేదే పిఠాపురం. అంటే ఈ 20 అంకెల సంఖ్య మనకి పరాయిది కాదు. మన పక్క ఊరి చుట్టం!

ఇంతకీ పద్యంలోకి అంకెలు ఎలా ఎక్కాయి? దీన్ని భూతసంఖ్య పద్ధతి అంటారు. అంకెను అంకెగా చెప్పరు, లోకంలో అన్ని ఉన్న వస్తువు పేరు చెప్తారు. చంద్రుడు ఒక్కడే కాబట్టి 1. అగ్నులు 3. వేదాలు 4, సముద్రాలు 4, బ్రహ్మ ముఖాలు 4. మన్మథుడి బాణాలు 5. దర్శనాలు 6. కులపర్వతాలు 7. దిక్కుల్ని మోసే ఏనుగులు 8. శరీరానికి రంధ్రాలు 9. ఆకాశం అంటే శూన్యం, కాబట్టి 0. రుద్రులు అంటే 11. ఈ ఆఖరిది కోనసీమ వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. కనుమ రోజు జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తుంటే చూస్తూ పెరిగినవాళ్లమే!

ఇంకో మెలిక ఉంది. ఈ అంకెల్ని కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. మొదట చెప్పే మాట ఒకట్ల స్థానం, తర్వాతది పదులు, ఆ తర్వాత వందలు. అందుకే తాతయ్యకి ఫోన్‌లో సంఖ్య చివర చూడగానే తప్పు దొరికింది. మనకి చివరిది, ఆయనకి అదే మొదటిది. పద్యం బాణంతో మొదలవుతుంది. అంటే ఐదు.

ఆయన రాగం తీసి చదువుతుంటే ఫోన్‌లో టైప్ చేద్దామనుకున్నా. కుదరలేదు. ఫోన్ ఎడమ నుంచి కుడికి పోతుంది, పద్యం కుడి నుంచి ఎడమకి. చివరికి పాత క్యాలెండర్ కాగితం చింపి, వెనకవైపు కుడి అంచు నుంచి రాయడం మొదలుపెట్టా.

గణం చెడితే లెక్క చెడినట్టే

రాయడం అయ్యాక లెక్కపెడితే 19 అంకెలే ఉన్నాయి. ఒకటి తగ్గింది.

"మీరు ఎక్కడో ఒక మాట వదిలేశారు తాతయ్యా" అన్నా. ఆయన కళ్లు మూసుకుని మళ్లీ చదివారు, ఈసారి వేళ్ల మీద అక్షరాలు లెక్కపెడుతూ. ఇది చంపకమాల. పాదానికి 21 అక్షరాలు ఉండాలి. 11వ అక్షరం దగ్గర యతి కుదరాలి. రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ ఒకటే హల్లు కావాలి. ఏది గురువు, ఏది లఘువు అన్నది కూడా ముందే తేలిపోయి ఉంటుంది. రెండో పాదం దగ్గర ఆయన ఆగారు. "ఇక్కడ పాదం పొట్టిగా వచ్చింది. ఒక వేదం జారిపోయింది" అన్నారు. చేర్చి చదివారు. పాదం నిండింది. అంకెలు 20 అయ్యాయి.

నాకు ఒళ్లు జలదరించింది. మా పరిభాషలో దీన్ని చెక్‌సమ్ అంటారు. మీ ఆధార్ నంబర్లో 12 అంకెలున్నా, చివరిది మిగతా 11 సరిగ్గా ఉన్నాయో లేదో చూసే అంకె. ఒక్క అంకె తప్పు కొడితే పట్టేసుకుంటుంది. మల్లన పద్యంలో ఆ కాపలా పని ఛందస్సు చేస్తోంది. ఒక మాట జారితే పాదం పొట్టిదవుతుంది. ఒక మాట బదులు వేరే మాట వేస్తే చాలాసార్లు గణం చెడుతుంది. చెవి ఒప్పుకోదు.

ఇది నూటికి నూరు పాళ్లు కాపలా కాదనుకోండి. ఒకే కొలత ఉన్న రెండు మాటలు తారుమారైతే చెవికి తెలియకపోవచ్చు. కానీ తాటాకు మీద రాసేవాడు నిద్రమత్తులో ఒక మాట వదిలేస్తే, చదివేవాడు పట్టుకోగలడు. అంకెలు అంకెలుగానే రాసి ఉంటే ఆ అవకాశం లేదు. 20 అంకెల్లో ఒకటి పోతే ఎవరికి తెలుస్తుంది?

ఒకే అంకెకి రకరకాల పేర్లు ఉండటం కూడా ఇక్కడ కలిసొచ్చింది. ఈ సంఖ్యలో 7 మూడుసార్లు వస్తుంది. మూడుచోట్లా కొండే, కానీ మూడు వేర్వేరు పేర్లు. ఎక్కడ ఏ కొలత కావాలో ఆ పేరు. మొదటి రెండు పాదాలు, మూడోదాంట్లో కొంచెం అంకెలకే సరిపోయాయి. మిగతాది ఇది చదరంగం గళ్ల రెట్టింపు లెక్క అని చెప్పడానికి.

ఇదే లెక్కని ఇంచుమించు ఆ కాలంలోనే పశ్చిమాన అల్ బిరూనీ కూడా కట్టాడు. మన దగ్గర మాత్రం అది మామూలు తెలుగు మాస్టారి నోట్లో, అంబాజీపేట అరుగు మీద ఇంకా బతికి ఉంది.

64 ఒకట్ల పొట్టలో ఏముంది?

భోగి రోజు మంట దగ్గర్నుంచి రాగానే తాతయ్య క్యాలెండర్ కాగితం పట్టుకుని రెడీ. "పద్యం చెప్పింది కరెక్టో కాదో చేత్తో వేసి చూద్దాం" అన్నారు. 64 సార్లు రెట్టించక్కర్లేదు. వర్గాలు చేసుకుంటూ పోతే ఆరు అడుగుల్లో అయిపోతుంది. 2 వర్గం 4, దాని వర్గం 16, తర్వాత 256, తర్వాత 65536, ఆ తర్వాత 4294967296. ఇక దీన్ని దీంతోనే ఒకసారి గుణిస్తే చాలు.

ఆ ఒక్కసారికే గంట పట్టింది. మొదటిసారి తప్పొచ్చింది కూడా. తొమ్మిదుల శేషంతో పట్టుకున్నారు తాతయ్య. 4294967296లో అంకెలన్నీ కూడితే 58. దాన్ని కూడితే 13, మళ్లీ కూడితే 4. దాన్ని దానితోనే గుణిస్తే 16, అంటే 7. జవాబు అంకెలు కూడినా చివరికి 7 రావాలి. మాకు 8 వచ్చింది. వెనక్కెళ్లి చూస్తే ఒక చోట మిగులు ఒకటి ఎక్కువ వేశా. సరిచేస్తే 18446744073709551616. ఒకటి తీస్తే మల్లన సంఖ్య. ల్యాప్‌టాప్‌లో పైథాన్ కూడా అదే చెప్పింది.

అప్పుడే ఈ సంఖ్య మీద నాకు మోజు పుట్టింది. మీరూ కొంచెం చూడండి.

ఇందులో 0 నుంచి 9 వరకు అన్ని అంకెలూ ఉన్నాయి, ఒక్క 2 తప్ప. రెండుని 64 సార్లు వేసి వండిన సంఖ్యలో ఒక్క 2 కూడా లేదు!

దీన్ని విడగొట్టడానికి పదో తరగతి సూత్రం చాలు. ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్ అంటే, ఎ ప్లస్ బి ఇంటూ ఎ మైనస్ బి. దాన్ని పదేపదే వాడితే ఈ సంఖ్య ఇలా విడిపోతుంది: 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297. చూడండి, ఒక్కోటీ ఇందాకటి వర్గాలకు ఒకటి కలిపినదే. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఫెర్మా ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అనుకున్నాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది మాత్రం అందర్నీ మోసం చేసింది. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417 అని విరగ్గొట్టి చూపించాడు.

అంటే మల్లన పద్యంలోని సంఖ్యకి ఏడు ప్రధాన కారణాంకాలు, ఒక్కోటి ఒక్కసారే. ఏడింటిలో ప్రతిదాన్నీ ఉంచుకోవచ్చు, వదిలేయొచ్చు. కాబట్టి దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు సరిగ్గా 128. అది కూడా రెట్టింపుల వరసలోదే!

ఇక మా కోనసీమ భాషలో చెప్పాలంటే, ఇవన్నీ వడ్ల గింజలైతే ఎంత ధాన్యం? వెయ్యి గింజలు 25 గ్రాములు అనుకుంటే, మొత్తం సుమారు 46 వేల కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే వడ్లు ఇంచుమించు 80 కోట్ల టన్నులు. అంటే 570 ఏళ్లకు పైగా పంట. రాజుగారి బాకీ ఇప్పటికీ తీరేది కాదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది వేరే ఉంది. చదరంగం బల్లకి 64 గళ్లు. కంప్యూటర్ సంఖ్యకి 64 బిట్లు. బిట్ల విలువలు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది... గళ్లలో గింజలూ అంతే. అంటే బిట్లన్నీ ఒకట్లతో నిండటం, బల్ల మీద గళ్లన్నీ గింజలతో నిండటం ఒకటే లెక్క. మా మావయ్య కొట్టు ఖాళీ అయిన రోజు నా సర్వర్‌లో బల్ల మొత్తం నిండిపోయింది.

మాటగా పంపు

కనుమ మధ్యాహ్నానికి యాప్ బాగుచేశా. మొదటి తప్పు సులువుగానే పోయింది. స్టాక్‌కి మైనస్ గుర్తు పెట్టే వీలిచ్చి, సున్నా కన్నా కిందికి పోతే 'ఈ కాయ ఎక్కడిది?' అని అడిగేలా చేశా. కూలి పేజీని స్టాక్ నుంచి పూర్తిగా విడదీశా. కాయల లెక్క తప్పినా మనుషుల డబ్బు ఆగకూడదు. అసలు మొదట్నుంచీ అలా ఉండాల్సింది.

రెండో తప్పు, అదే ఆ సున్నాల సంగతి. పెద్ద సంఖ్యల్ని ఫోన్‌కి పంపేటప్పుడు చివరి అంకెలు పోకుండా ఏం చేయాలి? మా వృత్తిలో దీనికి అందరికీ తెలిసిన మందు ఒకటుంది. సంఖ్యని సంఖ్యగా పంపకూడదు. స్ట్రింగ్‌గా పంపాలి, అంటే అక్షరాల వరసగా. అక్షరాల్ని కంప్యూటర్ దగ్గరికి దగ్గరగా సవరించదు. ఇచ్చినవి ఇచ్చినట్టు చేరవేస్తుంది. 2010లో ట్వీట్ల నంబర్లు పెద్దవైపోయినప్పుడు ట్విట్టర్ కూడా ఒక్కో నంబరునీ సంఖ్యగా ఒకసారి, అక్షరాలుగా ఒకసారి పంపడం మొదలుపెట్టింది.

ఆ మార్పు రాస్తూ రాస్తూ చెయ్యి ఆగింది. మల్లన చేసింది ఇదే కదా! 20 అంకెలు మనుషుల మధ్య, తాటాకుల మధ్య, వందల ఏళ్లు ప్రయాణం చేయాలి. సంఖ్యగా పంపితే చివరిది ఎక్కడో రాలిపోతుంది. అందుకే మాటగా పంపాడు. చంద్రుడు, సముద్రం, కొండ, ఏనుగు, ఆకాశం. అవి రాలిపోకుండా ఛందస్సుతో కుట్టాడు. ఇప్పుడు అది 84 ఏళ్ల మనిషి నోట్లోంచి, నా సర్వర్ లాగ్‌లో ఉన్నదానితో అంకెకి అంకె సరిపోయింది.

నేను రాసింది మూడు నెలలు నిలబడలేదు. కానీ పాఠం దొరికింది. లెక్క కట్టడం ఒక పని, ఆ లెక్క చెదరకుండా ఇంకొకరి చేతికి చేర్చడం ఇంకో పని. కాలేజీలో మాకు మొదటిదే ఎక్కువ నేర్పారు. రెండోదానికి మావయ్య దగ్గర చిట్టా పుస్తకం ఉంది, తాతయ్య దగ్గర పద్యం ఉంది. నా దగ్గరే ఏమీ లేకపోయింది.

హైదరాబాద్ వచ్చేసే ముందు మావయ్యని అడిగా, "ఇక యాప్ ఒక్కటే వాడతావా?" అని.

"వాడతాను లేరా. పుస్తకం కూడా రాస్తాను" అన్నాడు. నాకు ఈసారి కోపం రాలేదు. మా ఆఫీసులో దాన్నే బ్యాకప్ అంటాం.

తాతయ్య గడప దాకా వచ్చారు. కాళ్లకి దణ్ణం పెడితే, జేబులోంచి మడతపెట్టిన క్యాలెండర్ కాగితం తీసి ఇచ్చారు. ముందువైపు జనవరి తిథులు. వెనకవైపు వణుకుతున్న చేతిరాతతో పద్యం, కింద అంకెలు, మేం కొట్టేసిన తప్పు గుణకారం.

"ఫోన్‌లో ఫొటో తీసుకుని పారేస్తావేమో. ముందు నేర్చుకో, తర్వాత ఫొటో తీసుకో" అన్నారు.

ఎదుర్లంక వంతెన మీద గోదావరి దాటుతుంటే బస్సులో ఆ కాగితం తీశా. యానాం వచ్చేసరికి మొదటి పాదం వచ్చింది. కాకినాడ వచ్చేసరికి రెండోది. మూడోదాంట్లో ఎక్కడో ఒక మాట జారుతోంది. పాదం పొట్టిగా వస్తోంది కాబట్టి జారుతోందని నాకు తెలుస్తోంది.